ఒక నీటిచుక్కలో ఎవరెవరు?

శ్రోతలు మాకు వ్రాయు ఉత్తరములలో చెరువునీటిని గూర్చిన ప్రశ్నలు తరచుగా కనబడుచుండును. “మా ఊరి చెరువు వేసవిలో పచ్చబడినది, ఆ నీటిని పశువులకు త్రాగించవచ్చునా?” అని ఒకరు అడుగుదురు. “మా పాఠశాలలో సూక్ష్మదర్శని క్రింద చెరువునీటిని చూచితిమి, ఏవేవో పరుగులెత్తుచున్నవి, వాని పేరులేమి?” అని మరియొకరు. ఈ రెండు ప్రశ్నలును వేరువేరుగా కనబడినను, రెండింటికిని మూలము ఒక్కటే. నీటిలోని జీవులలో ఏది ఏదియో గుర్తుపట్ట నేర్చినవారు రెండవ ప్రశ్నకు పూర్తిగను, మొదటి ప్రశ్నకు కొంతవరకును సమాధానము చెప్పుకొనగలరు. కావున నేడు ఆ గుర్తుపట్టుటను గూర్చియే ముచ్చటింతుము.

ఈ చిన్ని లోకమును మొట్టమొదట చూచి, చూచినది లోకమునకు తెలిపిన వ్యక్తి పండితుడు కాడు, బట్టల వర్తకుడు. హాలండు దేశమున డెల్ఫ్ట్ నగరవాసి ఆంటొనీ వాన్ లేవెన్‌హుక్ తన చేతులతో తానే కటకములను అరగదీసి, చిన్న చిన్న సూక్ష్మదర్శనులను చేసికొనెను. 1674వ సంవత్సరమున ఆయన తన ఊరికి సమీపముననున్న ఒక సరస్సునీటిని తెచ్చి పరీక్షించి, అందు ఆకుపచ్చని చుట్టలను, అటునిటు తిరుగాడు చిన్ని ప్రాణులను చూచి, ఆ వృత్తాంతమును లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసి పంపెను. ఆయన కాలమున ఆ ప్రాణులకు పేరులు లేవు. ఆయన చేసినదెల్ల, వాని ఆకారమును, నడకను, రంగును ఓపికతో వర్ణించుటయే. నేటికిని గుర్తుపట్టుటకు మనకున్న మార్గము అదియే.

చూచుట వేరు, చూచినదానిని సరిగా అర్థము చేసికొనుట వేరు. 1838లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఏరెన్‌బెర్గ్ ఈ జీవులను గూర్చి ఒక మహాగ్రంథమును ప్రకటించెను. ఆయన వానికి నీలిమందు మొదలగు రంగులను తినిపించి చూడగా, శరీరములో అక్కడక్కడ రంగు బుడగలు కనబడెను. ఆయన వానిని జీర్ణాశయములని తలచి, ఈ ప్రాణులకు పెక్కు కడుపులున్నవని నిశ్చయించెను. కొలది కాలములోనే ఫ్రాన్సు దేశస్థుడు దుజార్డిన్ ఆ అభిప్రాయమును ఖండించెను. ఆ బుడగలు స్థిరమైన అవయవములు కావు. ఆహారమును మ్రింగినప్పుడెల్ల ఏర్పడి, జీర్ణమైన పిదప మాసిపోవునవి. ప్రాణి యంతయు ఒకే జీవకణము. తినుట, కదలుట, విసర్జించుట, వంశమును పెంచుట, అన్నియు ఆ ఒక్క కణములోనే జరుగును.

ఇక పని మొదలుపెట్టుదము. నీటిని చెరువు నడుమనుండి తెచ్చినచో పెద్దగా ఫలితముండదు. ఒడ్డున కుళ్లుచున్న ఆకులు, నీటిమొక్కల వేళ్లు, రాళ్లపై పాకుడు, అడుగున పైపైని బురద, ఇవియే ఈ జీవుల నివాసములు. ఒక వెడల్పు మూతి సీసాలో కొంచెము నీటిని, కొంచెము పాకుడును, ఒకటి రెండు కుళ్లిన ఆకులను వేసి, మూత బిగింపక నీడపట్టున ఉంచవలెను. వరిగడ్డిని మరిగించి చల్లార్చిన నీటిలో ఈ చెరువునీటిని కొద్దిగా కలిపి కొన్ని దినములుంచినచో, బాక్టీరియాలు పెరిగి, వానిని తిను ప్రాణులు గుంపులుగా వృద్ధి చెందును. ఒక చుక్కను గాజుపలకపై వేసి, పలుచని గాజుబిళ్లను కప్పి, మొదట తక్కువ పెద్దదిగా చూపు కటకముతో, అనగా సుమారు 100 రెట్లతో, చూడవలెను. మొదటనే 400 రెట్ల కటకమును పెట్టువారికి ప్రాణి చిక్కదు. గాజుబిళ్ల మాత్రము పగులును. పరుగెత్తు ప్రాణులను నిలుపుటకు ఆ చుక్కలో రెండు మూడు దూదిపోగులను వేసినచో, అవి ఆ పోగుల నడుమ చిక్కి కంటికి నిలుచును.

కొలత తెలియనిదే గుర్తు తెలియదు. ఒక మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. మన తలవెండ్రుక మందము ఇంచుమించు 70, 80 మైక్రానులు. పారదర్శకమైన కొలబద్దను కటకము క్రిందనుంచి, కనబడు వలయము ఎన్ని మిల్లీమీటరుల వెడల్పున్నదో ఒక్కసారి తెలిసికొన్నచో, ఆపైన ప్రతి ప్రాణిని దానితో పోల్చి అంచనా వేయవచ్చును.

ఇప్పుడు వరుసగా కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది, “ఇది ప్రాణియేనా?” అనునది. నల్లని దళసరి అంచుతో గుండ్రముగానుండి మధ్య మెరయునది గాలిబుడగ. పొడవుగా మెలికలు తిరిగి కదలక పడియుండునది బట్టనుండి రాలిన నూలుపోగు. ఇవి క్రొత్తవారిని మొదటి దినమున మోసగించును. మరి కదలునదెల్ల ప్రాణియా? అదియును కాదు. 1827లో రాబర్ట్ బ్రౌను అను వృక్షశాస్త్రజ్ఞుడు నీటిలోని అతి సూక్ష్మమైన రేణువులు ప్రాణము లేకున్నను నిరంతరము వణకుచుండుటను గమనించెను. నీటి అణువులు నలుదిక్కులనుండి తాకుటచే కలుగు చలనమది. ఉన్నచోటనే వణకుచు ఏ దిక్కునకును పోనిది నిర్జీవ రేణువు కావచ్చును. ఒక దిక్కు పట్టి పోయి, అడ్డు తగిలిన మరలునది ప్రాణి.

రెండవ ప్రశ్న, “ఎట్లు కదలుచున్నది?” అనునది. అన్ని ప్రశ్నలలో ఇది ముఖ్యమైనది. ఆకారము మారవచ్చును, రంగు మోసగించవచ్చును. నడక మాత్రము చాలవరకు కులమును తెలుపును.

శరీరమే ఒకవైపు పొంగి, కాలువలా సాగి, మిగిలిన భాగము దానిలోనికి ప్రవహించుచు పోవునది అమీబా. దానికి నిలుకడైన ఆకారము లేదు. ఆ సాగు భాగములకు మిథ్యాపాదములని పేరు. పెద్ద అమీబా అర మిల్లీమీటరు వరకు ఉండును; అయినను గాజువలె స్వచ్ఛముగానుండుటచే వెలుతురు ఎక్కువైనచో కనబడకుండ పోవును. అందుచే వెలుతురును తగ్గించి, ఒకచోటనే ఓపికతో చూచుచుండవలెను. దీని బంధువులు కొన్ని ఇల్లు కట్టుకొని తిరుగును. గోధుమ వన్నెతో, మధ్య రంధ్రముతో, అచ్చముగా మన గారెవలె కనబడునది ఆర్సెల్లా. ఇసుకరేణువులను ఏరి తన చుట్టు గోడ కట్టుకొనునది డిఫ్లూజియా. ఇసుకముద్ద కదలుచున్నదని ఆశ్చర్యపడిన వారు కొంచెముసేపు వేచి చూచినచో, ముద్ద నోటినుండి మిథ్యాపాదము వెలికివచ్చుటను చూడగలరు.

ఒడలంతయు సన్నని రోమములు గలిగి, అవి యన్నియు గాలికి ఊగు వరిచేనువలె అలలుగా కదలుచుండగా ఈదునవి రెండవ జాతి. ఆ రోమములకు శైలికలని పేరు. వీనిలో ప్రసిద్ధమైనది పెరమీసియము. చెప్పు అడుగుభాగమువంటి ఆకారము, 200 నుండి 300 మైక్రానుల పొడవు కలిగి, బరమావలె తన చుట్టు తాను తిరుగుచు ముందునకు పోవును. అడ్డు తగిలినచో వెనుకకు జరిగి, దిక్కు మార్చి, మరల ప్రయత్నించును. దాని శరీరమున రెండు కొనలవద్ద నక్షత్రములవంటి రెండు బుడగలు ఒకదాని తరువాత ఒకటి నిండుచు, ఒక్కమారుగా ముడుచుకొనుచు కనబడును. ఇవి గుండెలు కావు. చెరువునీరు లోపలి ద్రవముకన్న పలుచనిదగుటచే నీరు ఎడతెగక లోనికి ఊరుచుండును. అదనపు నీటిని ఈ బుడగలు బయటికి తోడిపోయును. ఈ తోడుట ఆగినచో ప్రాణి ఉబ్బి పగిలిపోవును.

శైలికలవారి కుటుంబము పెద్దది. ఉమ్మెత్తపూవువలె విచ్చుకొని ఆకునకు అంటిపెట్టుకొని యుండునది స్టెంటారు. ఒక్కొక్కప్పుడు ఒక మిల్లీమీటరుకు మించి పెరిగి, చూపు మంచిదైనచో వట్టి కంటికే కనబడును. తలక్రిందులైన గుడిగంటవలె సన్నని కాడపై నిలిచియుండునది వార్టిసెల్లా. బల్లను కొంచెము తట్టినచో దాని కాడ స్ప్రింగువలె చుట్టుకొని, గంట రెప్పపాటుకన్న త్వరగా క్రిందికి లాగికొనబడును. తిరిగి మెల్లమెల్లగా పైకి లేచును. ఈ దృశ్యమును ఒకసారి చూచినవారు వార్టిసెల్లాను మరి మరువరు. కొన్ని శైలికలు కుచ్చులుగా చేరి కాళ్లవలె పనిచేయగా, ఆకుపై చీమవలె నడచునది స్టైలొనికియా.

కొరడావంటి పొడుగుపోగు ఒకటియో, రెండో, కొలదిగానో కలిగి, దానిని ఆడించుచు ఈదునవి మూడవ జాతి. ఆ పోగునకు కశాభమని పేరు. కదురువంటి ఆకారము, పచ్చని శరీరము, ముందువైపు ఎఱ్ఱని చుక్క కలిగినది యూగ్లీనా. ఆ చుక్క వెలుతురు దిక్కును తెలిసికొనుటకు తోడ్పడును. సీసాను కిటికీ ప్రక్కనుంచినచో ఇవి వెలుతురువైపు చేరును. దీనికన్న చాల చిన్నదై, గుండ్రనై, ఒకే పొడవు గల రెండు కశాభములతో వడివడిగా ఈదునది క్లామిడోమొనాసు. ఈ పోగులు అతి సన్ననివగుటచే ఈదుచుండగా కనబడవు. పలుచని అయొడిన్ చుక్కను గాజుబిళ్ల అంచున వేసినచో ప్రాణులు చచ్చి నిలిచిపోవును. అప్పుడు కశాభములు స్పష్టముగా తెలియును.

ఏ అవయవమును ఆడింపకయే మెల్లగా జారిపోవునవి నాలుగవ జాతి. పడవవంటి ఆకారము, బంగారు గోధుమ వన్నె కలిగి, నీటిలో జారిపోవునవి డయాటములు. వీని పైపొర గాజును పోలిన సిలికాతో చేయబడినది. కుంకుమభరిణెకు మూత అమరినట్లు రెండు భాగములు ఒకదానిపై నొకటి అమరియుండును. భరిణెపై గీతలు, చుక్కలు ఎంతో క్రమముగా చెక్కినట్లుండును. వీని జాతులను నిర్ణయించుటకు నిపుణులు ఆ గీతలను లెక్కింతురు. అద్దములో ప్రతిబింబమువలె రెండు సరిసమాన భాగములుగా ఉండు పచ్చని కణములు డెస్మిడ్లు. వానిలో నెలవంకవంటి క్లోస్టీరియమును చూచినచో, రెండు కొనలలోని చిన్న గదులలో నలుసులు నాట్యమాడుచుండును. అవి స్ఫటికములు, వాని నాట్యము బ్రౌను కనిపెట్టిన చలనమే.

మూడవ ప్రశ్న రంగును గూర్చినది. పచ్చనిదెల్ల మొక్కజాతి యని తొందరపడి నిర్ణయింపరాదు. పెరమీసియములలో బర్సేరియా అను పచ్చని రకము కలదు. దాని పచ్చదనము దానిది కాదు. దాని శరీరములో వందలకొలది పచ్చని చిన్న నాచుకణములు కాపురముండి, సూర్యరశ్మితో ఆహారము వండి యజమానికి పంచిపెట్టుచుండును. ఇక యూగ్లీనా, క్లామిడోమొనాసులు రెండును స్వతహాగా పచ్చనివే. వీనిని వేరుపరచుట ఎట్లు? ఇందులకును అయొడినే సాక్షి. క్లామిడోమొనాసు తాను వండిన ఆహారమును పిండిపదార్థముగా దాచును. అయొడిన్ తగులగనే అది నల్లని నీలమగును. యూగ్లీనా దాచుకొను పదార్థము వేరు. దానికి ఆ రంగు రాదు. అన్నపు మెతుకుపై అయొడిన్ వేసి చూచినవారికి ఈ పరీక్ష క్రొత్తది కాదు.

నాలుగవ ప్రశ్న, “ఇది ఒక కణమా, పెక్కు కణములా?” అనునది. పెరమీసియము పరిమాణముననే ఉండి, తలవద్ద రెండు చక్రములు తిరుగుచున్నట్లు కనబడు ప్రాణులు ప్రతి చెరువులోను కలవు. ఇవి రోటిఫర్లు. పొట్టలో తిరుగలివలె ఆడు దవడలు, వెనుక రెండు వ్రేళ్లుగల పాదము కనబడినచో అది ఏకకణజీవి కాదని తెలిసికొనవలెను. దానికి వేయి వరకు కణములుండును. మరియొకప్రక్క, రెండు మిల్లీమీటరుల వరకు సాగి, పురుగువలె మెలికలు తిరుగు స్పైరోస్టోమమును చూచి పురుగని భ్రమింతుము. అది మాత్రము ఒక్క కణమే. కావున పరిమాణమును నమ్మరాదు. లోపలి నిర్మాణమునే నమ్మవలెను.

ఇంత శ్రమపడి గుర్తుపట్టుటవలన ప్రయోజనమేమని కొందరు అడుగవచ్చును. దానికి ఉత్తరము మన సికింద్రాబాదులోనే ఉన్నది. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, బేగంపేటలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ మలేరియా రోగిని కుట్టిన దోమల కడుపు పొరలను సూక్ష్మదర్శనిలో పరీక్షించుచుండెను. ఆయన యంత్రపు మరలు చెమటకు త్రుప్పుపట్టియుండెను. కంటి కటకము పగిలియుండెను. ఆ పొరలో దోమ కణముల నడుమ ఒక గుండ్రని కణము, అందులో నల్లని రేణువులు ఆయనకు కనబడెను. దోమ కడుపులో స్వభావసిద్ధముగా అటువంటి నల్లని రేణువులుండవు. 1880లో లావెరాన్ మనుష్యుని రక్తములో కనిపెట్టిన మలేరియా జీవిలో అట్టి రేణువులే కలవు. “ఇది దోమది కాదు, ఆ జీవిది” అని గుర్తుపట్టుటయే రాస్ విజయమునకు కారణము. కోట్లాది జనులను పీడించిన జ్వరము దోమవలన వచ్చునని తేలుటకు, ఆ కొలది నల్లని రేణువులను గుర్తించిన కన్నే ఆధారమైనది. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

మన ఇండ్లకు మరింత దగ్గరి ఉదాహరణ రక్తవిరేచనములు కలిగించు అమీబా. ఇది కలుషితమైన నీటితోను, ఆహారముతోను కోశరూపమున, అనగా గట్టి పొర కప్పుకొని నిద్రించు రూపమున, పొట్టలో ప్రవేశించును. మన ప్రేగులలో హాని చేయని అమీబా మరియొకటి కలదు. రెండింటి కోశములను ఎట్లు వేరుపరచవలెను? లోపలి కేంద్రకములను లెక్కింపవలెను. పక్వమైన కోశములో హానికరమైన దానికి నాలుగు, హాని లేనిదానికి ఎనిమిది ఉండును. ఆ లెక్క తప్పినచో ఒకరికి అక్కరలేని మందు, మరియొకరికి అందవలసిన మందు అందకపోవుట సంభవించును. అయితే ఇందును ఒక చిక్కు కలదు. నాలుగు కేంద్రకములే కలిగి, కోశరూపమున అచ్చముగా అట్లే కనబడుచు, హాని చేయని వేరొక జాతి ఉన్నదని 1993 నాటికి శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. ఆ కోశములను సూక్ష్మదర్శని వేరుపరుపలేదు; రసాయన, జన్యు పరీక్షలు కావలెను. కంటికి హద్దు ఎక్కడనో తెలిసికొనుటయు విద్యయే.

ఇప్పుడు పచ్చబడిన చెరువు సంగతికి వత్తము. చెరువును పచ్చబరచునవన్నియు ఒక్కటి కావు. క్లామిడోమొనాసువంటి ఆకుపచ్చ నాచు అయినచో, చుక్కలో గడ్డిపచ్చని రంగు కణములోని ఒక ప్రత్యేక భాగమున ఉండి, మిగిలినచోటు తెల్లగా కనబడును. అయొడిన్‌తో నలుపు నీలము వచ్చును. చేపలకు ఆహారమగు చిన్న ప్రాణులు దీనిని తిని బ్రతుకును. మైక్రోసిస్టిస్ అను నీలి ఆకుపచ్చ జాతి అయినచో, నలుసులవంటి కణములు వందలు వేలుగా ఒక జిగురుముద్దలో గుమిగూడియుండును. వానికి కేంద్రకము లేదు. రంగు ప్రత్యేక భాగమున గాక కణమంతట వ్యాపించియుండును. లోపల గాలి నింపిన సూక్ష్మ కోశములుండుటచే ముద్దలు నల్లగా కనబడి, నీటిపై తేలును. గాలి లేని ఉదయమున ఒడ్డున పచ్చరంగు ఒలకబోసినట్లు మీగడ కట్టుట వీని లక్షణము.

ఈ జాతిలో కొన్ని కాలేయమును చెరచు విషమును పుట్టించును. నీలి ఆకుపచ్చ జాతి మీగడ కట్టిన సరస్సునీటిని త్రాగి గొఱ్ఱెలు, గుఱ్ఱములు మరణించిన సంగతి ఆస్ట్రేలియానుండి 1878లోనే ప్రకటింపబడినది. ఇక్కడ మన గృహిణులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన విషయమొకటి కలదు. అమీబా కోశము సాధారణముగా కలుపు క్లోరిను మోతాదునకు లొంగకపోయినను, నీటిని బాగుగా మరిగించినచో చచ్చును. మైక్రోసిస్టిస్ విషము మరిగించినను పోదు. ఒకదానికి మరిగించుటయే ఉపాయము. రెండవదానికి ఆ నీటి జోలికి పోకుండుటయే ఉపాయము. రెండింటిని గుర్తింపనివాడు మరిగించితిని గదా యని నిశ్చింతతో విషజలమును త్రాగును. సూక్ష్మదర్శనిలో మైక్రోసిస్టిస్ ముద్దలు కనబడినను విషమున్నదో లేదో తెలియదు. అది ప్రయోగశాల తేల్చవలసినది. అది తేలువరకు ఆ రేవునుండి పశువులను తప్పించుట, గ్రామాధికారులకును, ప్రజారోగ్యశాఖవారికిని తెలుపుట మన పని. అట్లే, చుక్కలో ఏమియు కనబడలేదని నీరు మంచిదని నమ్మరాదు. కలరా, టైఫాయిడ్ బాక్టీరియాలు ఒకటి రెండు మైక్రానుల నలుసులు. చెరువులోని తక్కిన బాక్టీరియాలనుండి వానిని చూపుతో వేరుపరచుట సాధ్యము కాదు.

ఈ జీవులు మొక్కలా, జంతువులా యని మన పెద్దలు చాలకాలము వాదించిరి. యూగ్లీనా వెలుతురులో మొక్కవలె ఆహారము వండుకొనును. చీకటిలో కరిగిన ఆహారమును పీల్చుకొని బ్రతుకును. 1866లో హెకెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వీనికై ప్రొటిస్టా అను మూడవ రాజ్యమునే ఏర్పరచెను. నేడు జన్యుపరీక్షలు ఆ రాజ్యమును కూడ పెక్కు శాఖలుగా విభజించినవి. వాని ప్రకారము యూగ్లీనాకు దగ్గరి చుట్టము పచ్చని నాచు కాదు. పశువులకు సర్రా రోగమును, ఆఫ్రికాలో మనుష్యులకు నిద్రారోగమును కలిగించు ట్రిపనోసోము జాతి.

ఉపకరణము లేదని విచారింప పనిలేదు. 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మను ప్రకాశ్, ఆయన సహచరులు కాగితమును మడిచి చేయు ఫోల్డ్‌స్కోపు అను సూక్ష్మదర్శనిని ప్రకటించిరి. సుమారు 140 రెట్లు పెద్దదిగా చూపు ఆ పరికరముతో పెరమీసియమును, రోటిఫరును, డయాటమును చక్కగా చూడవచ్చును. చూచిన ప్రతిదానిని కాగితముపై గీయుడు. ప్రక్కన తేదీ, నీరు తెచ్చిన చోటు, పొడవు, రంగు, నడక వ్రాసికొనుడు. పేరు తెలియకున్నను వర్ణన సరిగానున్నచో, తెలిసినవారు తరువాత చెప్పగలరు. పని ముగిసిన పిదప చేతులను సబ్బుతో కడుగుకొనుట మరువకుడు. పిల్లలను ఒంటరిగా ఒడ్డునకు పంపకుడు. రాబోవు వానలకు మీ ఊరి చెరువు నిండినపుడు ఒకటి, వేసవిలో ఇంకినపుడు ఒకటి, రెండు సీసాలు పరీక్షించి పోల్చి చూడుడు. ఒకే చెరువులో కాపురమున్నవారు ఎంతగా మారిపోయిరో మీ పుస్తకమే మీకు తెలుపును.